వారానికో హీరోయిన్

హీరోయిన్ కావాలంటే ముందు బాటనీ చదవాలని ప్రణవికి ఆ సోమవారం అసెంబ్లీలో తెలిసింది.

అంతకు ముందు సంగతి కాస్త చెప్పుకోవాలి. ఆ వేసవిలో ఒక సినిమా వచ్చింది. పదహారేళ్ళ పిల్ల, పదహారేళ్ళ పిల్లాడు, ఇద్దరికీ డాన్సంటే పిచ్చి, ఒకరంటే ఒకరికి అంతకు మించిన పిచ్చి. ఇంతే కథ. ఇందులో ఏముందని పెద్దలు పెదవి విరిచారు గానీ, పిల్లలు మాత్రం చూసిందే చూశారు. దాని దెబ్బ పోయి పోయి అత్యున్నత జూనియర్ కాలేజీల చైర్మన్ వీరభద్రయ్యగారికి తగిలింది. ఇంటింటికీ తిరిగి పిల్లల్ని చేర్పించే ఆయన మనుషులు ఆ ఏడు ఉత్త చేతుల్తో తిరిగొచ్చారు. ర్యాంకుల ఫొటోలున్న కరపత్రం చేతిలో పెడితే, అది మడిచి విసురుకుంటూ, మీ కాలేజీలో డాన్సుందా అని పిల్లలు మొహమ్మీదే అడిగారట.

వీరభద్రయ్యగారు పట్టుదల మనిషి. ప్రేమా డాన్సూ కావాలంటే ఆ సినిమా ఏదో మనమే తీసి పారేద్దాం అన్నారు. హీరో మన కాలేజీ కుర్రాడే, హీరోయిన్ మన కాలేజీ పిల్లే. ప్రేమ ఉండాలి గానీ ఎవరూ ప్రేమించుకోకూడదు. డాన్సు ఉండాలి గానీ ఒక్క స్టడీ అవర్ కూడా పోకూడదు. తీసిన సినిమాని అడ్మిషన్ల నాటికి ఊరూరా వేసి చూపించాలి. ఈ బరువంతా తీసుకెళ్ళి ఏజీఎం పాండురంగంగారి నెత్తిన పెట్టారు. ఏజీఎం అంటే ఏమిటో ఆ కాలేజీలో ఎవరికీ తెలియదు, ఆయనకీ తెలియదు. అయినా ఆయన వస్తున్నాడంటే వార్డెన్లు సైతం టీ గ్లాసులు దాచేస్తారు.

ఆ సోమవారం పాండురంగంగారు మైకు పుచ్చుకుని, గొంతు సవరించుకుని, కాగితం విప్పారు.

"విద్యార్థినీ విద్యార్థుల సర్వతోముఖాభివృద్ధిని దృష్టియందుంచుకొని, యాజమాన్యం వారు ఒక యవ్వన ప్రేమ నృత్య చలనచిత్రమును చేపట్టడమైనది. నటీనటుల ఎంపికలో ఎట్టి పక్షపాతమునకూ తావులేకుండా, ప్రతి వారం వీకెండ్ టెస్టులో ఫస్టు ర్యాంకు సాధించిన విద్యార్థిని ఆ వారమునకు హీరోయిన్‌గానూ, విద్యార్థి హీరోగానూ వ్యవహరించవలెను."

డైరెక్టరుగా ఫిజిక్సు లెక్చరర్ వామనరావుగారిని వేశారు. కూతురి పుట్టినరోజు వీడియో తీసి, వెనకాల పాట పెట్టిన అనుభవం స్టాఫ్ మొత్తంలో ఆయనొక్కడికే ఉంది. హీరోయిన్ వారం వారం మారిపోతే కథ ఎలా నడుస్తుందండీ అని ఆయన నసిగాడు. ర్యాంకుని బట్టే కథ నడవాలి గానీ కథని బట్టి ర్యాంకు నడుస్తుందా అని పాండురంగంగారు అక్కడికక్కడే నోరు మూయించారు.

ప్రణవి గుండె మాత్రం అప్పటికే చిందులేస్తోంది. ఆ పిల్లది గుడివాడ. వాళ్ళ స్కూలు వార్షికోత్సవాల్లో ఎనిమిదో తరగతి నుంచీ జశ్వంత్ అనే కుర్రాడితో కలిసి డాన్సు చేసేది. వాళ్ళిద్దరూ స్టేజీ ఎక్కితే బయట పునుగుల బండివాడు కూడా పొయ్యి మంట తగ్గించి వచ్చి చూసేవాడు. టెన్త్‌లో ఆ చప్పట్లు మరీ ఎక్కువయ్యేసరికి రెండు ఇళ్ళల్లోనూ పెద్దవాళ్ళకి గుబులు పుట్టింది. తీసుకొచ్చి ఆ పిల్లని బెజవాడ శివార్లలో కాలవకి ఇవతల అమ్మాయిల క్యాంపస్‌లో బైపీసీలోనూ, ఆ కుర్రాడిని కాలవకి అవతల అబ్బాయిల క్యాంపస్‌లో ఎంపీసీలోనూ పడేశారు. ఫోన్లు లేవు, ఉత్తరాలు లేవు. చేరిన నాటి నుంచీ ఒకరి మొహం ఒకరు చూడలేదు, సెలవులకి ఊరెళ్ళినా పెద్దవాళ్ళు గడప దాటనివ్వలేదు. దీన్ని ప్రేమంటారో లేదో ప్రణవికి తెలియదు. తెలిసిందల్లా ఒకటే. హాస్టల్ గదిలో తలుపేసుకుని ఒక్కతే డాన్సు చేసినప్పుడు, చెయ్యి చాచిన చోట జశ్వంత్ లేడే అని చచ్చేంత బెంగగా ఉండేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి మళ్ళీ అతనితో డాన్సు చేస్తే చాలుననుకునేది.

ఇప్పుడు దారి దొరికింది. కాకపోతే ఆ దారి నిండా బాటనీ, జువాలజీ. ఆ పిల్ల ర్యాంకు చూస్తే ఎక్కడో మధ్యకి దిగువన ఏడుస్తోంది. జశ్వంత్ సంగతి ఇక చెప్పనక్కర్లేదు, ర్యాంకుల షీటు చివరి నుంచి చదివితేనే కనపడతాడు. పిల్లలు అన్నం ఎక్కువ తినకుండా రెండు క్యాంపస్‌ల ర్యాంకులూ డైనింగ్ హాల్లో అంటించడం ఆ కాలేజీ ఆచారం.

షూటింగ్ మొదలైంది. మొదటి వారం హీరోయిన్ ర్యాంకు తప్ప రెండో మాట ఎరగని శ్రీనిధి అనే పిల్ల. పాట వేసి తిరగమంటే తిరుగుతోంది గానీ, పెదాలు కదుపుతూ మొక్కల కుటుంబాలు వల్లె వేసుకుంటోంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆడపిల్లలూ మగపిల్లలూ ఒక ఆవరణలో కాలు పెట్టకూడదన్నది కాలేజీ పుట్టినప్పటి రూలు. రూలు సినిమా కోసం మారదు కదా. అందుకని ఇక్కడ హీరోయిన్ పక్కన హీరోకి బదులు ఒక స్టూలు వేశారు. కాలవకి అవతల హీరో పక్కన హీరోయిన్‌కి బదులు ఇంకో స్టూలు వేశారు. ఈ స్టూలు పొట్టిది, ఆ స్టూలు ల్యాబ్‌లోంచి తెచ్చిన పొడుగుది. దాంతో హీరోయిన్ నేల చూపులు చూస్తూ సిగ్గుపడింది, హీరో మిద్దె మీద పిట్టని చూస్తున్నట్టు చూస్తూ ప్రేమించాడు.

రెండో వారం ఇంకో పిల్ల వచ్చింది, మూడో వారం ఇంకో పిల్ల. అవతల హీరోలూ అంతే. పల్లవిలో కళ్ళజోడు పిల్ల, చరణంలో రెండు జడల పిల్ల, వానపాటలో జలుబు చేసి ముక్కు చీదుతున్న పిల్ల. విడిపోయే సీను నాటి హీరోయిన్‌కి ఏడుపు రాకపోతే, నీకు జువాలజీలో రెండు మార్కులు తగ్గాయమ్మా అని వామనరావుగారు చెవిలో చెప్పాడు. ఆ పిల్ల రాత్రి భోజనాల దాకా ఏడుస్తూనే ఉంది, కెమెరా కట్టేసి చాలాసేపయింది.

ఇన్ని వారాల సరుకూ అతికించి చైర్మన్‌గారింట్లో వేసి చూపించారు. బోలెడుమంది కుర్రాళ్ళు వంతులవారీగా ఒక స్టూలుని ఆరాధించారు. బోలెడుమంది ఆడపిల్లలు వంతులవారీగా ఇంకో స్టూలుని వదల్లేక వదల్లేక వెళ్ళిపోయారు. వీరభద్రయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఆయన భార్య మాత్రం కాఫీ గ్లాసు పక్కన పెట్టి, ఆ స్టూలు ఎవరమ్మాయండీ అని అడిగిందట.

మర్నాడు కొత్త సర్క్యులర్ వచ్చింది. క్లైమాక్సులో హీరో హీరోయిన్లు ఒకే స్టేజీ మీద, ఒకే ఫ్రేములో, ఇద్దరూ మనుషులే అయి ఉండి డాన్సు చేయవలెను. విద్యా ప్రయోజనాల దృష్ట్యా ఆ ఒక్క పూటకు చేతులు పట్టుకొనుటకు అనుమతించడమైనది. వేళ్ళు కలుపరాదు. సంక్రాంతి సెలవులు ముగిశాక వచ్చే మూడో ఆదివారం షూటింగ్. ఆ వారం ఫస్టు ర్యాంకు ఎవరిదైతే వాళ్ళే ఆ జంట.

ప్రణవి ఆ సర్క్యులర్ని నోటీసు బోర్డు దగ్గర నిలబడి చదివి, సరాసరి గదికెళ్ళి బాటనీ తెరిచింది. ఆ తెరవడం తెరవడం మళ్ళీ మూయలేదు. పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఒక్క ముక్క ఎక్కదు గనక లేచి నిలబడి చదివింది. కిరణజన్య సంయోగక్రియకి ఒక స్టెప్పు, రక్తప్రసరణకి ఒక స్టెప్పు, కప్ప జీర్ణవ్యవస్థకి నడుం తిప్పుడు. గది మొత్తం చుట్టి వస్తే ఒక పాఠం అయిపోయేది. గదిలో మిగతా పిల్లలు దీనికి దెయ్యం పట్టిందే అనుకున్నారు గానీ, మార్కులు చూశాక వాళ్ళూ లేచి నిలబడ్డారు.

ర్యాంకు పాకడం మొదలుపెట్టింది. సర్క్యులర్ వచ్చిన మూడో వారం డైనింగ్ హాల్లో షీటు చూస్తూ అలవాటు కొద్దీ అడుగు నుంచి జశ్వంత్ పేరు వెతికితే అక్కడ లేదు. పేరు తీసేశారేమో, కాలేజీ మానేశాడేమో అని ప్రాణం ఉసూరుమంది. వెతగ్గా వెతగ్గా నడిమిట్లో కనపడ్డాడు. ఆ తర్వాతి వారం ఇంకాస్త పైకొచ్చాడు. పదిహేడో ఎక్కం దగ్గరే చతికిలబడే జశ్వంత్ ఎంపీసీలో పైకి పాకుతున్నాడంటే ఎందుకో ఆ పిల్లకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పూట పెరుగన్నం రెండుసార్లు వేయించుకుంది.

ఆదివారం చేగోడీల డబ్బా పట్టుకుని వాళ్ళమ్మ భాగ్యరేఖ వచ్చింది. మీ అమ్మాయి ర్యాంకు గుర్రంలా పరిగెడుతోందండీ అని వార్డెన్ చెప్పేసరికి ఆవిడకి కళ్ళ నీళ్ళు ఆగలేదు.

"ఆ డాన్సు పిచ్చి వదిలిందంటే అంతా కనకదుర్గమ్మ చలవేనే తల్లీ. నీకు చెప్పలేదు గానీ, చీర పెడతానని మొక్కుకున్నా," అంది భాగ్యరేఖ.

ప్రణవి ఒక చేగోడీ నోట్లో వేసుకుని, నమలడమే పనిగా కూర్చుంది.

రెండు క్యాంపస్‌లలోనూ ఇదే వరస. డాన్సు పిచ్చి ఉన్నవాళ్ళంతా పుస్తకాల మీద పడ్డారు. సగటు మార్కులు ఎన్నడూ లేనంత పెరిగాయి. అయ్యవార్లు కంగారుపడి పేపరు లీకయిందేమోనని వెతికారు. చైర్మన్‌గారు మాత్రం ఇదంతా తన దూరదృష్టేనని నమ్మి, నృత్యాధారిత విద్యావిధానం అని రంగుల కరపత్రం వేయించారు. అందులో పాండురంగంగారు ఒంటికాలి మీద నిలబడిన ఫొటో కూడా ఉంది.

ఆ చివరి వీకెండ్ టెస్టు ఫలితాలు అంటించిన పూట ప్రణవి షీటు దగ్గరికి వెళ్ళలేక కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ ఉండిపోయింది. చేతులు ఎంతసేపని కడుగుతుంది పాపం. చివరికి వెళ్ళి చూసింది. అమ్మాయిల్లో ఫస్టు ప్రణవి. కళ్ళు పక్క వరసలోకి జరపడానికి ధైర్యం చాల్లేదు. దేవుడా దేవుడా అనుకుంటూ జరిపింది. అబ్బాయిల్లో ఫస్టు జశ్వంత్. అంతే, అక్కడే నేల మీద చతికిలబడి, ఒకటే నవ్వు. ఏమైందని ఫ్లోర్ ఇన్‌చార్జి పరిగెత్తుకొస్తే, సాంబారు చాలా బాగుంది మేడం అని చెప్పింది. ఆ హాస్టల్ చరిత్రలో సాంబారు బాగుందన్నవాళ్ళు లేరు గనక ఆవిడ పిల్లకి జ్వరం ఉందేమోనని నుదురు ముట్టి చూసింది.

ఆదివారం అమ్మాయిల క్యాంపస్‌లో స్టేజీ కట్టారు. బంతిపూల దండలు, రంగు లైట్లు, అద్దెకి తెచ్చిన పెద్ద కెమెరా. మధ్యలో పొరపాటున ఏదన్నా జరక్కుండా స్టేజీకి నాలుగు మూలలా నలుగురు వార్డెన్లు. కాలవ అవతలి నుంచి బస్సు వచ్చింది. జశ్వంత్ దిగాడు. ఏడాదిలో సన్నగా మీసం వచ్చింది, కళ్ళ కింద నలుపు వచ్చింది, మనిషి చిక్కి సగమయ్యాడు. ప్రణవిని చూసి వాడి మొహం విచ్చుకున్న తీరుకి ఒక వార్డెన్ అనుమానంగా ముందుకు జరిగింది.

"నీ వల్ల నాకు ఇంటిగ్రేషన్ వచ్చేసిందే తల్లీ," అన్నాడు జశ్వంత్ పెదాలు కదపకుండా.

"నాకు కప్ప పేగులతో సహా వచ్చేసింది," అంది ప్రణవి.

సరిగ్గా అప్పుడు పాండురంగంగారి ఫోను మోగింది. ఆయన లేచి నిలబడి, వంగి, అలాగేనండి అలాగేనండి అని పదిసార్లు అని, మైకు పుచ్చుకున్నారు.

"యాజమాన్యం వారి తాజా ఆదేశముల మేరకు, ఫస్టు ర్యాంకర్ల సమయము సంస్థయొక్క ఆస్తి అయినందున, దానిని నృత్యములకు వృథా చేయరాదని నిర్ణయించడమైనది. సదరు ర్యాంకర్లు తక్షణమే స్పెషల్ బ్యాచీలకు తరలింపబడుదురు. క్లైమాక్సునందు ఆఖరి ర్యాంకర్లు వ్యవహరించెదరు."

ఎవరో ఒక ర్యాంకరు తండ్రి చైర్మన్‌గారికి ఫోను చేసి, మంచి పిల్లల చేత తైతక్కలాడిస్తారా అని దులిపేశాడట. అంతవరకూ ఫస్టు ర్యాంకు వస్తేనే డాన్సు. ఇప్పుడు ఫస్టు ర్యాంకు వచ్చింది గనక డాన్సు లేదు. ఆఖరి ర్యాంకు పిల్లాణ్ణి అవతలి క్యాంపస్‌లో నిద్ర లేపి బస్సులో తీసుకొచ్చారు. ఆఖరి ర్యాంకు పిల్ల, నన్ను కొట్టినా సరే స్టేజీ ఎక్కను మేడం అని స్తంభం పట్టుకుని వేలాడింది. అవతల స్పెషల్ బ్యాచీ బస్సులు రెండు, ఒకటి అటు ఒకటి ఇటు, హారన్లు కొడుతున్నాయి.

ప్రణవికి ఏడుపొచ్చింది. నెలల తరబడి నిద్ర కాచి నేర్చుకున్న కప్పలన్నీ కలిసి వెక్కిరిస్తున్నట్టుంది. బస్సు వైపు నాలుగడుగులు వేసింది కూడా. అంతలో ఒక సంగతి తట్టింది. ఈ కాలేజీలో ఏడ్చినవాళ్ళని పట్టించుకున్నవాడు లేడు. చెయ్యెత్తి డౌటు అడిగినవాళ్ళకి మాత్రం ఎంతటివాడైనా ఆగి జవాబు చెప్పాలి. ప్రతి డౌటూ అప్పటికప్పుడే తీర్చబడును అని గేటు మీద నిలువెత్తు అక్షరాలతో రాయించుకున్నారు మరి. ఆ పిల్ల వెనక్కి తిరిగి చెయ్యెత్తింది.

"డౌట్ సార్. వాళ్ళు డాన్సు చేశాక దిద్దాలంటే కీ ఉండాలి కదండీ. కీ ఎక్కడుంది సార్?"

పాండురంగంగారు అడుగు తీసి అడుగు వేయలేదు. ఆ కాలేజీలో పిల్లలు ఏం చేసినా పరీక్షే, ఏ పరీక్షకైనా ముందు కీ, అంటే సరైన జవాబుల కాగితం తయారవ్వాలి, ఆ తర్వాతే పేపరు. అన్నప్రాశన లేకుండా అన్నం పెట్టినా ఊరుకుంటారు గానీ, కీ లేకుండా పరీక్ష పెడితే ఊరుకోరు. ఆయన గిరుక్కున వామనరావుగారి వైపు తిరిగి, కీ తయారు చేశారా అని అడిగారు. వామనరావుగారు ప్రణవిని చూశాడు, జశ్వంత్‌ని చూశాడు. చాలా బాధపడుతున్నట్టు మొహం పెట్టి, పొరపాటైపోయింది సార్, చేయలేదు అన్నాడు.

"కీ లేకుండా పరీక్షకి కూర్చోబెడుతున్నారా? సంస్థ పరువేం కావాలండీ," అన్నారు పాండురంగంగారు, చెమట తుడుచుకుంటూ.

కీ ఎవరు తయారు చేయాలన్నది ప్రశ్నే కాదు. ఆ కాలేజీలో అయ్యవార్లు చేసిన కీలో తప్పులుంటాయని, ఫస్టు ర్యాంకర్ల పేపర్లనే కీగా వాడడం ఏనాటి నుంచో ఉన్న పద్ధతి. బస్సుల ఇంజన్లు ఆపించారు. ఆఖరి ర్యాంకు పిల్ల స్తంభం వదిలేసి, బతుకు జీవుడా అని మొదటి వరసలో కూర్చుంది. పాండురంగంగారు ఎర్ర పెన్ను తీసి, కాగితం తొడమీద పెట్టుకున్నారు.

పాట మొదలైంది. జశ్వంత్ చెయ్యి చాచాడు. ప్రణవి పట్టుకుంది. వెచ్చగా ఉంది, చెమటగా ఉంది. ఆ తర్వాత ఏడాది బెంగంతా కాళ్ళల్లోకి దిగింది. వాళ్ళు తిరిగారు, ఎగిరారు, ఎదురెదురు వచ్చి తప్పుకున్నారు, మళ్ళీ దొరికారు. సంతోషం పట్టలేక ప్రణవికి కళ్ళల్లో నీళ్ళొస్తున్నాయి, మొహమేమో నవ్వుతోంది. మూల నిలబడ్డ వార్డెన్లు మూల మరిచిపోయి ముందుకొచ్చారు. వాళ్ళలో పెద్దావిడ కాలితో దరువు కూడా వేసింది. వేళ్ళు ఎప్పుడు కలిశాయో ఎవరూ చూడలేదు.

ఆఖరి స్టెప్పు దగ్గర జశ్వంత్‌కి నవ్వాగక, కాలు మడతపడి, కుడికి వెళ్ళాల్సినవాడు ఎడమకి వెళ్ళి బంతిపూల దండలో పడ్డాడు.

పాండురంగంగారు ఎగిరి లేచారు. డాన్సు గురించి ఆయనకి ఓనమాలు రావు గానీ, తప్పు పట్టడంలో ముప్పై ఏళ్ళ సర్వీసు. "తప్పు. ఆఖరి స్టెప్పు తప్పు. తప్పున్న కీ విడుదల చేయడానికి వీల్లేదు," అని ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. అప్పటికి పొద్దు వాలిపోయింది. కీ దోషరహితమగువరకు పరీక్ష వాయిదా వేయడమైనది, సదరు ర్యాంకర్లు వచ్చే ఆదివారం తిరిగి హాజరు కావలెను అని ప్రకటించి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

వచ్చే ఆదివారం రానే వచ్చింది. స్పెషల్ బ్యాచీ బస్సులు ఇద్దరినీ తెచ్చి దింపాయి. ఈసారి ఒక్క అడుగు కూడా తొణకలేదు. వారమంతా ఇద్దరూ ఎక్కడివాళ్ళక్కడ మనసులో చేసుకుని వచ్చారు మరి. పాట చివరికొస్తోంది. పాండురంగంగారి పెన్ను కాగితం మీద టిక్కులు పెట్టుకుంటూ పోతోంది. జశ్వంత్ చెయ్యి పట్టుకుని ఆఖరి మలుపు తిరుగుతూ ప్రణవికి ఒళ్ళు ఝల్లుమంది. ఇది గనక సరిగ్గా పడితే కీ పూర్తయిపోతుంది. కీ పూర్తయితే ఇద్దరి పనీ పూర్తయిపోతుంది. ఇక ఆదివారాల్లేవు.

ప్రణవి, ఆ వారం కూడా అన్ని సబ్జెక్టుల్లో ఫస్టు వచ్చిన ప్రణవి, నిదానంగా, పాండురంగంగారికి కూడా కనపడేలాగా, కుడికాలికి బదులు ఎడమకాలు వేసింది.

"తప్పు," అన్నారు పాండురంగంగారు, పరమానందంగా.

జశ్వంత్ ఆ పిల్ల మొహంలోకి చూశాడు. వాడికి అర్థం కావడానికి ఇంటిగ్రేషన్ అంతసేపు పట్టలేదు.

అడ్మిషన్లు వచ్చాయి, వెళ్ళాయి. సినిమా ఏమైందని చైర్మన్‌గారు అడిగినప్పుడల్లా, కీ తుది దశలో ఉందని పాండురంగంగారు లిఖితపూర్వకంగా జవాబిస్తున్నారు. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి, కీ చూడడం కూడా చదువులో భాగమేనని, అవతలి క్యాంపస్ నుంచి సైతం పిల్లలు బస్సులు పట్టకుండా వస్తున్నారు. తప్పు ఎక్కడ దొర్లుతుందోనని పాండురంగంగారు ముందు వరసలో, ఎర్ర పెన్ను మూత తీసి మరీ కూర్చుంటున్నారు. ఇంత తెలివైన పిల్లలు ఒక్కటంటే ఒక్క స్టెప్పు దగ్గర ఎందుకు తడబడుతున్నారో ఆయనకి ఎంత ఆలోచించినా అంతు చిక్కడం లేదు.

పోయిన ఆదివారం జశ్వంత్ తప్పు చేశాడు. ఈ ఆదివారం వంతు ప్రణవిది.